పంతొమ్మిదో గులాబీ

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున బీపీ 138/84.

ఈ డైరీ మా అమ్మాయి రొవీనా కొనిచ్చింది, బీపీ రాసుకోమని. కూతురు నర్సు అయితే ఇంట్లో ఇదే తంటా. ఒక్క అంకెకి ఇంత పెద్ద పేజీ ఎందుకో నాకు అర్థం కాదు. మిగతా కాగితం ఉత్తినే వదిలెయ్యడం ఇష్టం లేక ఏదో ఒకటి గిలుకుతుంటాను.

ఇవాళ మట్టల ఆదివారం. చర్చి నుంచి రాగానే నా భార్య పెతాంగ్ కొత్త మట్టలు గుమ్మం మీద గుచ్చి, నిరుడివి తీసి నా చేతిలో పెట్టింది. వాటిని పట్టుకుని నేను వాకిట్లో నిలబడ్డాను. తాతని లోలో అని పిలిచే మా మనవరాలు ఇకాయ్ కారు తాళం వేస్తూ అడిగింది.

"లోలో, నా పద్దెనిమిదో పుట్టినరోజు డెబ్యూలో పద్దెనిమిది గులాబీలు ఉంటాయి కదా, ఒక్కో గులాబీ ఇచ్చి ఒక్కొక్కరు నాతో డాన్సు చేస్తారు. అందులో ఒక డాన్సు నువ్వు చేస్తావా?"

"నేనా? అబ్బే, నాకెందుకే. ముసలాణ్ణి. పైగా మోకాలు. వేరేవాళ్ళకివ్వు."

"ఓకే లోలో. బలవంతం ఏం లేదు," అని నా చెంప మీద ముద్దు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకా ఏదో అంటుందని కాసేపు అక్కడే నిలబడ్డాను. మా వలేహో ఊళ్ళో ఏప్రిల్ గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. చేతిలో మట్టలు ఒకటే గలగల.

అడగ్గానే ఎగిరి గంతేస్తే ఏం మర్యాద? మొదటిసారి వద్దనాలి. రెండోసారి నసగాలి. మూడోసారి, సరే నీ ఇష్టం అనాలి. మా అమ్మ అలాగే పెంచింది. ఎవరింటికి వెళ్ళినా, తిన్నారా అని అడిగితే కడుపు కాలిపోతున్నా తిన్నామనే అనేవాళ్ళం. వాళ్ళూ అది నమ్మకుండా పళ్ళెం పెట్టేవాళ్ళు.

సాయంత్రం మళ్ళీ అడుగుతుంది. కొత్త నల్ల బూట్లు క్రిస్మస్ అప్పటినుంచీ మంచం కింద డబ్బాలో ఉన్నాయి. ఆ సంగతి పెతాంగ్‌కి కూడా తెలియదు.

ఏప్రిల్ 14, సోమవారం

అడగలేదు. పరీక్షలట.

ఏప్రిల్ 15, మంగళవారం

బీపీ 141/86. అడగలేదు.

ఇకాయ్ వంటింట్లో ఉన్నప్పుడు రేడియో పెట్టి, అన్నం కుక్కర్ పక్కన చా-చా నాలుగడుగులు వేశాను. ఊరికే, ఒళ్ళు కదలడానికి. చూసి నవ్వింది.

"మోకాలు జాగ్రత్త లోలో," అంది.

ఏప్రిల్ 16, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. రొయ్యల పులుసు వడ్డిస్తూ రొవీనా అడిగింది, గులాబీల వాళ్ళు పూర్తిగా కుదిరారా అని. ఇకాయ్ వేళ్ళు మడిచి చెప్పింది. కజిన్లు, క్లాసు పిల్లలు, ఇద్దరు మేనమామలు, ఆఖరున వాళ్ళ నాన్న డెన్నిస్. "ఒకటి ఖాళీ ఉండింది. మా బ్యాండు మాస్టారు మిస్టర్ ఓల్సన్‌ని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు."

వెంటనే ఒప్పుకున్నాడట. మనిషన్నాక కొంచెం బెట్టు ఉండొద్దా?

నాకేం బాధ లేదు. మాస్టారు మంచివాడని అందరూ అంటారు. నాకు నిజంగానే మోకాలు నొప్పి.

రొవీనా రాత్రి డ్యూటీలు చేసినన్నాళ్ళూ, డెన్నిస్ ఓడల రిపేరు యార్డులో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లని చూసుకున్నది నేనూ పెతాంగూ. పొద్దంతా ఊళ్ళో బస్సు నడిపి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కాచుకుని ఉండేది. నా రెండు బూట్ల మీద తన రెండు పాదాలు పెట్టి నిలబడేది. వంటిల్లంతా అలాగే తిప్పేవాణ్ణి, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు. ఏడేళ్ళప్పుడు ఎవరిదో డెబ్యూకి తీసుకెళ్తే, తెల్ల గౌను అమ్మాయిని చూసి నా చెవిలో, "నాదానికి నువ్వే ఫస్టు లోలో," అంది. ఏడేళ్ళ పిల్ల మాట పట్టుకుని కూర్చునేంత వెర్రివాణ్ణి కాదు నేను.

పులుసు సగంలో వదిలేసి లేచాను. ఆకలి లేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

నేను అలగలేదు. మాటవరసకి రాస్తున్నాను.

అలిగిన మనిషి భోజనానికి రాకపోతే ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి తలుపు కొట్టాలి. రా, తిను, చల్లారిపోతుంది అనాలి. ఇంకాసేపటికి ఇంకొకరు రావాలి. అలిగినవాడి పని గదిలో కూర్చోవడం, మిగతావాళ్ళ పని పిలవడం. ఎవరి పని వాళ్ళు చేస్తే రెండో పూటకల్లా సర్దుకుంటుంది.

నిన్నటినుంచీ నేను బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఒక్కరు తలుపు కొట్టలేదు. ఎందుకంటే నిన్న పవిత్ర గురువారం, ఇవాళ గుడ్ ఫ్రైడే. ఎవరూ సరిగ్గా తినడం లేదు. రొవీనా ఫోనులో పెతాంగ్ చెల్లెలు చోలెంగ్‌తో అంటుంటే విన్నాను. "ఈ ఏడు డాడీ ఉపవాసం ఎంత నిష్ఠగా చేస్తున్నారో పిన్నీ. గది దాటి రావడం లేదు. ప్రార్థనలోనే ఉన్నట్టున్నారు." తన కోసం కూడా ప్రార్థించమని చోలెంగ్ చెప్పిందట.

మధ్యాహ్నం పెతాంగ్ ఎండు చేపలు వేయించింది. కావాలని నా తలుపు తీసిపెట్టి మరీ వేయించింది. ఆ వాసనకి ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలో నిలబడి చేపని వెల్లుల్లి వెనిగర్‌లో ముంచి, "టినోంగ్, ఇది ఉపవాసమా, అలకా?" అని అడిగింది.

"ఉపవాసం."

"సరే అయితే," అని రెండో చేప కూడా తనే తినేసింది.

ఏప్రిల్ 20, ఈస్టర్

ప్రభువు లేచాడు. నేనూ లేచి భోజనానికి వెళ్ళాను. ఇంకెంతకని.

ఏప్రిల్ 23, బుధవారం

రొవీనా ఆస్పత్రి నుంచి వస్తూనే నా పక్కన కూలబడి కాళ్ళు చాపింది. అంటే ఏదో పని చెప్పబోతోందన్నమాట.

"డాడీ, ఆ మిస్టర్ ఓల్సన్‌కి వాల్ట్జ్ రాదట. జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదట. మీరు నేర్పాలి."

"నేనా? నాకేం వచ్చు."

"కమ్యూనిటీ హాల్లో శనివారం శనివారం మీరూ మమ్మీ డాన్సు చేస్తుంటే జనం కుర్చీలు తిప్పుకుని చూస్తారు. మీరు తప్ప ఎవరున్నారు?"

"మోకాలు..."

"డాడీ, ప్లీజ్. ఇకాయ్ పరువు పోతుంది."

రొవీనా పుట్టింది అక్కడ, సముద్రం అవతల మా దేశంలో, మా ఊళ్ళో. మూడుసార్లూ అడిగింది. ఇంక ఏమంటాను? నా చోటు కొట్టేసినవాడికి నేనే అడుగులు నేర్పాలట. బీపీ చూసుకోలేదు, చూసుకుంటే ఏమవుతుందో తెలుసు.

ఏప్రిల్ 26, శనివారం

వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి. గుమ్మంలో అందరి చెప్పులూ చూసి తనూ బూట్లు విప్పాడు, అది నచ్చింది. ఒక్కో పాదం పడవంత ఉంది.

పెతాంగ్ అలవాటుగా, "ఏమైనా తింటారా?" అంది.

"తప్పకుండా. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు," అన్నాడు.

పెతాంగ్ ఒక్క క్షణం నోరు తెరిచి నిలబడిపోయింది. అడిగిన మొదటిసారికే ఒప్పుకున్న మనిషిని మా ఇంట్లో ఇంతవరకూ చూడలేదు. ఆ తర్వాత ఎంత సంతోషపడిందో చెప్పలేను. లుంపియా చుట్టలు, అడోబో మాంసం, నిన్నటి పాన్సిట్ నూడుల్స్, అన్నీ బల్ల మీదికొచ్చాయి. అతను ఏదీ కాదనలేదు. మునగాకు చారు రెండో గిన్నె తనే అడిగి తీసుకున్నాడు.

"చూడు, ఎంత సుఖమైన మనిషో," అని పెతాంగ్ నాతో మా భాషలో అంది.

గరాజ్‌లో బియ్యం బస్తాలు ఓ పక్కకి నెట్టి మొదలుపెట్టాం. అతను మగవాడి అడుగులు నేర్చుకోవాలి కాబట్టి నేను ఇకాయ్‌ని అవ్వాల్సి వచ్చింది. అతని భుజం మీద చెయ్యి వెయ్యాలంటే మునివేళ్ళ మీద లేవాలి. ఈ వయసులో ఈ యోగం కూడా ఉంది నాకు. కరవోకే మెషీన్ పక్కన కూర్చుని పెతాంగ్ కళ్ళు తుడుచుకుంది, నవ్వలేక.

నేను లెక్క చెప్తుంటే అతనన్నాడు, "మా బ్యాండులో తాళం తప్పనిది ఇకాయ్ ఒక్కతే సార్. ఎక్కడ నేర్చుకున్నావంటే, మా లోలో వంటింట్లో నేర్పాడు, ఆయన బూట్ల మీద నిలబెట్టి, అంటుంది. పిల్లలందరికీ చెప్పింది."

నా ఎడమకాలు తడబడింది. మోకాలి వల్ల.

మే 3, శనివారం

మనిషి బాగానే నేర్చుకున్నాడు. ఇది ఒప్పుకోవాలి. అయినా రాయాల్సింది అది కాదు.

పాట అయిపోయాక అతను నా చెయ్యి వదలకుండా నిలబడ్డాడు. "సార్, నాకో ఆలోచన వచ్చింది. ఈ చోటు నాది కాదు, మీది. నా బదులు మీరు చెయ్యండి. ఇకాయ్‌కి నేను చెప్తాను."

నా గుండె గట్టిగా కొట్టుకుంది. ఇది దాచడం ఎందుకు, ఎవరూ చదవరు. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది.

"అబ్బే, నాకెందుకు."

"నిజంగానా సార్? ఆలోచించుకోండి."

రెండోసారి. లోపల అంతా సిద్ధంగా ఉన్నాను.

"లేదు లేదు, మోకాలు. మీరే చెయ్యండి."

అతను నా మొహంలోకి చూశాడు. నేనూ అతన్నే చూశాను. ఇంకొక్కసారి అడుగు నాయనా, నీకు పుణ్యముంటుంది అనుకున్నాను.

"సరే సార్. మీరంతగా చెప్తుంటే," అన్నాడు, నా వీపు తట్టి. లోపలికి వెళ్ళి అడోబో తిన్నాడు.

మే 4, ఆదివారం

పెతాంగ్‌కి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. కాకర పాదు దగ్గర కర్రలు పాతుతుంటే నోరు జారింది.

ముందు నవ్వింది. నవ్వి నవ్వి కుంపటి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఆ మనిషి వచ్చి చేతిలో పెడితే వద్దన్నావా?"

"రెండుసార్లే అడిగాడు."

"మూడోసారి అడగడానికి అతనేమైనా మీ అమ్మ తాలూకా? నలభై ఏళ్ళుగా నిన్ను బతిమాలుతున్నాను టినోంగ్. పెళ్ళిలో కేకు ముక్క తినడానికి కూడా బతిమాలించుకున్నావు. నాకు అలవాటైపోయింది. ఆ పిల్ల ఇక్కడ, ఈ దేశంలో పుట్టింది. వద్దంటే వద్దనే అనుకుంటుంది."

"పెద్దవాళ్ళని ఇంకోసారి అడిగితే అరిగిపోతుందా?"

"దానికి ఎవరు నేర్పారు? రెండో క్లాసులో ఆ వెనక వీధి వాడు జడ లాగుతున్నాడని వాళ్ళింటికి ఎవరు వెళ్ళారు? ఒకసారి వద్దంటే వద్దే, మళ్ళీ అడగకూడదని వీధి వీధంతా వినేలా అరిచింది ఎవరు? నేనా?"

నేనే. బస్సు యూనిఫారంలో ఉన్నాను కూడా. ఇకాయ్ నా చెయ్యి పట్టుకుని నిలబడి అంతా వింది.

"అయితే నువ్వే దానికో మాట చెప్పు," అన్నాను.

"చెప్పను. నీకు నోరుంది. కొత్త బూట్లు కూడా ఉన్నాయి."

బూట్ల సంగతి తెలుసట. మంచం కింద ఊడ్చేది తనేనట.

మే 8, గురువారం

మోకాలు డాక్టరుకి చూపించుకోవడానికి బస్సెక్కాను. డ్రైవరు కొత్త కుర్రాడు, నేను ఇదే రూటులో ఎన్నేళ్ళు నడిపానో తెలియదు. ఏవేవో ఆలోచించుకుంటూ కూర్చున్నాను. నా స్టాపు దగ్గర బస్సు ఆగలేదు, నేరుగా వెళ్ళిపోయింది.

ముందుకెళ్ళి అడిగాను, ఆపలేదేం అని.

"స్టాపు కావాలని తాడు లాగలేదు కదా సార్. లాగకపోతే మీరు దిగుతారని నాకెలా తెలుస్తుంది?"

నాకు చెప్తున్నాడు. ఈ మాట నేను ఎంతమంది ముసలమ్మలతో అన్నానో. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. డాక్టరు చూసి, మీ వయసుకి మోకాలు భేషుగ్గా ఉంది, డాన్సు కూడా చెయ్యొచ్చు అంది. ఎవరు అడిగారు ఆమెని.

మే 12, సోమవారం

కాకర నారు నేలలో పెట్టాను. బీపీ 136/82. నేను అలగలేదు.

మే 16, శుక్రవారం

రేపే.

ఇల్లంతా పెళ్ళివారిల్లులా ఉంది. చోలెంగ్ తన మైకు తనే తెచ్చుకుంది, హాల్లో మైకు మీద నమ్మకం లేదట. రేపు సభ నడిపేది తనే. డెన్నిస్ గరాజ్‌లో ఒక్కడే అడుగులు వేసుకుంటూ కనిపించాడు. నన్ను చూసి సిగ్గుపడి, "మామయ్యా, ఏడవకుండా చెయ్యడం ఎలా?" అని అడిగాడు. ఆ విద్య నాకూ రాదన్నాను.

పెతాంగ్ నా బరోంగ్ చొక్కా ఇస్త్రీ చేసి తగిలించింది. దాని కింద, నేలమీద, కొత్త బూట్లు డబ్బాలోంచి తీసి పెట్టి ఉన్నాయి. నేను పెట్టలేదు.

సాయంత్రం ఇకాయ్ గౌను వేసుకుని నా గదికొచ్చింది, చూపించడానికి. లేత నీలం. నా చెయ్యి తీసుకుని దీవెన కోసం నుదుటికి ఆనించుకుంది. రోజూ చేసేదే, ఇవాళ ఎందుకో ఆ చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

"లోలో, బాగానే ఉన్నావా? ఈ మధ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు."

"బాగానే ఉన్నాను."

"నిజంగా?"

నాలుక మీదే ఉంది మాట. నేనూ చేస్తానే అంటే అయిపోయేది. పద్దెనిమిదీ నిండిపోయాయి కదా, ఇప్పుడంటే ఎవరినో తీసెయ్యాలి కదా, పిల్ల ఇబ్బంది పడుతుంది కదా అని ఇన్ని కదాలు అడ్డం వచ్చాయి.

"గౌను బాగుంది," అన్నాను.

ఇంకాసేపు గుమ్మంలో నిలబడింది. వెనక హుక్కు సరిచెయ్యాలని పెతాంగ్ పిలిస్తే, వస్తున్నా లోలా అంటూ కుట్టు మెషీన్ గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకున్నారు. హుక్కుకి అంతసేపా?

నాకు ఈ పిల్లతో డాన్సు చెయ్యాలని ఉంది. ఒకసారి రాసి చూసుకుంటున్నాను, ఎలా ఉంటుందో. చాలా ఉంది.

మే 18, ఆదివారం

చెయ్యి నొప్పి పుట్టినా సరే, మొత్తం రాస్తాను.

చర్చి హాలు నిండిపోయింది. ఎంతమందిని పిలిచామో అంతకు రెట్టింపు వచ్చారు, వచ్చినవాళ్ళందరూ మేం తిని వచ్చాం అన్నారు, తర్వాత నిలువునా కాల్చిన పంది ముందు వరస కట్టారు. నా బల్ల దగ్గర పెతాంగ్, నేను, అటుపక్క మిస్టర్ ఓల్సన్. అతని కోసం బరోంగ్ ఎక్కడ దొరికిందో గానీ చేతులు మోచేతుల దాకానే వచ్చాయి.

గులాబీలు మొదలయ్యాయి. చోలెంగ్ పేరు పిలవడం, ఒకడు వెళ్ళి పువ్విచ్చి రెండు చుట్లు తిరగడం, ఇంకొకడు రావడం. క్లాసు పిల్లలు కొయ్యబొమ్మల్లా కదిలారు. మిస్టర్ ఓల్సన్ లేచినప్పుడు నా గుండె మళ్ళీ కొట్టుకుంది, ఈసారి భయంతో. తప్పు పోతే నాకు కదా తలవంపులు. అతను నా వైపు చూశాడు, నేను పెదాలతో లెక్క చెప్పాను, ఒకటి రెండు మూడు. ఒక్క అడుగు తప్పలేదు. తిరిగొచ్చి కూర్చుంటూ, "థాంక్యూ సార్," అన్నాడు. అంత మంచివాడి మీద ఇన్నాళ్ళూ కచ్చ పెట్టుకోవడం ఎంత కష్టమైందో.

ఆఖరున డెన్నిస్. ఏడ్చాడు. రొవీనా ఏడ్చింది. పాట అయిపోయింది. చోలెంగ్ మైకులో, "గులాబీలు అయిపోయాయి. ఇప్పుడు పద్దెనిమిది కొవ్వొత్తులు. వెలిగించే ఆడవాళ్ళందరూ రండమ్మా," అంది.

ఆ అయిపోయాయి అన్న మాట నా చెవిలో పడింది, నేను లేచి నిలబడ్డాను. ఆలోచించి లేచానని చెప్పను. నా స్టాపు దాటిపోతోంది, అంతే అనిపించింది. బల్ల మీద నీళ్ళ గ్లాసులో పెట్టిన గులాబీ ఒకటి లాగి, నేల మధ్యకి నడిచాను. కాడలోంచి నీళ్ళు నా చొక్కా మీద కారుతున్నాయి.

"బావా, బాత్రూము అటువైపు," అంది చోలెంగ్ మైకులో. హాలంతా నవ్వింది.

"బాత్రూముకి కాదు."

"గులాబీలు పద్దెనిమిదే బావా. లెక్క సరిపోయింది."

"నాకు లెక్క వచ్చు చోలెంగ్. ఆ మైకు కొంచెం కిందికి దించు."

దించలేదు. చోలెంగ్ సంగతి తెలిసిందే.

ఇకాయ్ ముందు నిలబడ్డాను. డెబ్బై రెండేళ్ళలో నేను ఎవరినీ నోరు తెరిచి ఒకటి అడగలేదు. పెతాంగ్‌ని పెళ్ళికి కూడా మా మేనత్త అడిగింది. ఈసారి నేనే అడిగాను.

"ఇకాయ్, నాతో ఒక్క డాన్సు చేస్తావా?"

ఆ పిల్ల నన్ను చూసింది, మా బల్ల వైపు చూసింది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నేనా? అబ్బే, నాకెందుకు లోలో."

మైకు ఆ మాటని హాలు చివరిదాకా తీసుకెళ్ళింది. అందరూ చూస్తున్నారు. వెనక్కి తిరుగుదామనుకున్నాను, తిరిగాను కూడా, సగం. కానీ ఇకాయ్ కదల్లేదు. వద్దన్న మనిషి పక్కకి జరగాలి కదా. రెండు చేతులూ ముందు కట్టుకుని, కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి, ఎదురుచూస్తూ నిలబడింది. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. అది నాదే.

"ఒక్కటే," అన్నాను. "సగం పాట చాలు."

"లేదు లేదు. మోకాలు లోలో. వేరేవాళ్ళకివ్వు."

ఈసారి హాలుకి అర్థమైంది. ముందు ముసలమ్మల బల్ల పగలబడి నవ్వింది, ఆ తర్వాత అందరూ. మిస్టర్ ఓల్సన్ ఒక్కడే సగం లేచి, "ఆ అమ్మాయి వద్దంది కదా, రెండుసార్లు వద్దంది," అని కంగారుగా పెతాంగ్‌ని అడుగుతున్నాడు. పెతాంగ్ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

మూడోసారి అడిగాను. నవ్వు ఒకపక్క, ఏడుపు ఒకపక్క వస్తుంటే మాట సరిగ్గా పలకలేదు.

"దయచేసి, అమ్మా."

"సరేలే," అంది ఇకాయ్. "ఇంతగా అడుగుతున్నావు కాబట్టి." నా చేతిలో పువ్వు లాక్కుని నా మెడ చుట్టూ చేతులు వేసింది. అంత గట్టిగా చిన్నప్పుడు కూడా పట్టుకోలేదు.

పాట పెట్టేవాడు కొవ్వొత్తుల పాట పెట్టాడు, ఎవరూ పట్టించుకోలేదు. తిరుగుతూ అడిగాను, ఇదంతా ఎవరు నేర్పారని.

"లోలా. నిన్న హుక్కు పెడుతూ. నాకు తెలియదు లోలో, నిజంగా తెలియదు. నువ్వు వద్దన్న రోజు నేను గదిలో ఏడ్చాను, తెలుసా? నీకు ఇష్టం లేదనుకున్నాను. నిన్ననే పరిగెత్తుకొచ్చి మళ్ళీ అడుగుదామంటే లోలా ఆపింది. ఈ ఒక్కసారి ఆయన్ని అడగనివ్వు, చూద్దాం అంది."

"నేను లేవకపోతే?"

"కొవ్వొత్తులు అయ్యాక నేనే వచ్చి మూడుసార్లు అడిగేదాన్ని. కానీ లోలా పందెం కాసింది, లేస్తావని."

పెతాంగ్ వైపు చూశాను. నేను చూడటం చూసి, పాన్సిట్ ఏదో ముఖ్యమైన పని అయినట్టు ఫోర్కుతో చుట్టుకుంది.

రెండో చుట్టులో ఇకాయ్ ఎత్తు మడమ నా కొత్త బూటు మీద పడింది. అయ్యో అంది. చిన్నప్పటి లెక్కలో ఇదేం బరువన్నాను. ఇంటికొచ్చాక చూస్తే తోలు మీద గుండ్రంగా గుంట. పాలిష్ పెడితే పోతుందని డెన్నిస్ అన్నాడు. అక్కర్లేదన్నాను, నిజంగానే అక్కర్లేదు.

మే 19, సోమవారం

బీపీ 128/78. రొవీనా మెషీన్ పాడైందేమోనని రెండుసార్లు చూసింది.

పొద్దున వెల్లుల్లి అన్నం, మొన్నటి పంది మాంసం, గుడ్డు. కడుపు పగిలేలా తిని కూర్చున్నాను. ఇకాయ్ పెనం పట్టుకుని వచ్చింది.

"లోలో, ఇంకో గుడ్డు?"

"వద్దమ్మా."

"ఒక్కటే లోలో."

"వద్దు. నిజంగా నిండిపోయింది."

"నా కోసం లోలో, ప్లీజ్."

"వద్దే తల్లీ, నా మాట నమ్ము."

మూడు అయ్యాయి కదా అన్నట్టు నన్ను చూసి కన్ను కొట్టి, గుడ్డు నా పళ్ళెంలో వేసి వెళ్ళిపోయింది. పెతాంగ్ గోడవైపు తిరిగి నవ్వుతోంది. నేను తిన్నాను. ఇంకేం చెయ్యను.